ఒత్తు తెగితే మాట మారిపోయింది

(బొమ్మల కథలు గీసే పాఠకుల ప్రశ్నలకు జవాబులు. ఈ శీర్షిక రాసే చిత్రకారిణి అనంతపురంలో ఉంటారు. 26 ఏళ్లు ప్రభుత్వ బడిలో డ్రాయింగ్ టీచరుగా పనిచేసి, ఇప్పుడు పూర్తిగా కామిక్స్ గీస్తున్నారు.)

ప్రశ్న: అక్కా, నేను డిగ్రీ రెండో సంవత్సరం. కథంతా రాసి పెట్టుకుంటే ఆ తర్వాత గీయబుద్ధి కాదు. రాయకుండా గీయడం మొదలుపెడితే మూడో పేజీకొచ్చేసరికి ఎటు పోవాలో తెలియక ఆగిపోతా. మీరు ఏది ముందు చేస్తారు?
– విద్యార్థిని, ఆదోని

రెండూ కలిపే చేస్తాను తల్లీ, కానీ చాలా చిన్నగా. ఒక ఏ4 కాగితాన్ని మడతలు పెట్టి ఎనిమిది భాగాలు చేస్తే, ఒక్కో భాగం నాకు ఒక పేజీ. అందులో మనుషులకు ముఖాలుండవు. గుడ్డు లాంటి తల, కింద ఒక గీత, అంతే. మాటలు కూడా పూర్తిగా రాయను. ఎవరు మాట్లాడుతున్నారో తెలిసేలా ఒక సున్నా చుట్టి వదిలేస్తా. కథ కుదరాల్సింది ఈ వేలెడంత బొమ్మల్లోనే. పెద్ద షీటు మీదికి పోయాక మార్చాలంటే మనసొప్పదు. రెండ్రోజులు కూచుని గీసిన బొమ్మను తీసేయడానికి ఎవరికైనా చెయ్యి రాదు. వేలెడంత బొమ్మయితే నిమిషంలో కొట్టేసి పక్కన ఇంకోటి గీయొచ్చు.

పోయిన ఎండాకాలం నేను గీసిన రెండు పేజీల కథ సంగతి చెప్తాను. మా వీధికి నీళ్ల ట్యాంకరు వస్తుంది. కథంటే ట్యాంకరు దగ్గర కొట్లాట అనుకున్నా. ఆరు గడుల నిండా కొట్లాట గీశా. చూస్తే అందులో ఏమీ లేదు, అందరూ నోర్లు తెరుచుకుని ఉన్నారు. మళ్లీ ఇంకో కాగితం మడిచి, ఈసారి ట్యాంకరు రాకముందు వీధి ఎట్లుంటుందో గీశా. వరసగా ప్లాస్టిక్ బిందెలు. బిందె తేలేనివాళ్లు వరసలో తమ చోటుకి గుర్తుగా ఒక రాయి పెట్టిపోతారు. ఆ రాయి గీస్తుంటే పక్కన ఒక పిల్ల కూచుంది. వాళ్లవ్వ ఆకుపచ్చ బిందెకి కాపలా. రెండో గడిలో ఆ పిల్ల తన బిందె ముందున్న రాయిని మెల్లగా వెనక్కి జరిపింది. మూడో గడిలో అటూ ఇటూ చూసింది, ఎవరూ చూడలేదు. నాలుగో గడిలో ఆ రాయినే చూస్తా కూచుంది. ఐదో గడిలో రాయి మళ్లీ పాత చోటికి వచ్చేసింది. మాట ఒక్కటీ లేదు. కూచుని రాసుంటే ఆ రాయి నాకు దొరికేది కాదు, గీస్తుంటే దొరికింది.

అందుకని నువ్వు రాసుకోవాల్సింది ఒక్క వాక్యం: కథ చివర ఎవరి చేతిలో ఏముంటుంది. అది తెలిస్తే మూడో పేజీ దగ్గర ఆగిపోవు. మిగిలింది గీతకు వదిలేయి.

ప్రశ్న: మేడమ్, రైల్వేలో పనిచేస్తున్నా. రాత్రి డ్యూటీ లేని రోజుల్లో కామిక్స్ గీస్తా. నా బాధ ఏందంటే మనుషుల మాటలు రాసే బెలూన్లో ఆ మాటలే పట్టవు. ఇంగ్లీషు కామిక్స్‌లో ఉన్నట్టే బెలూన్లు పెడుతున్నా, తెలుగు మాత్రం ఇరుక్కున్నట్టుంటుంది. ఎక్కడ తప్పు చేస్తున్నా?
– గుంతకల్లు

ఈ ప్రశ్న కోసం నేను ఎన్నాళ్లుగానో ఎదురు చూస్తున్నా. తెలుగులో కామిక్స్ గీసేవాళ్లు బొమ్మ గురించి గంటలు గంటలు మాట్లాడతారు, అక్షరం దగ్గరికి వచ్చేసరికి ఆఖర్న ఇరికించి చేతులు దులుపుకుంటారు.

మా నాయన ధర్మవరంలో చీరల అంగళ్లకు బోర్డులు రాసేవాడు. గోడ మీద రాసేముందు దారానికి సుద్దపొడి పూసి, ఒక కొన నా చేతికి, ఇంకో కొన మా అన్న చేతికి ఇచ్చి, నడుమ రెండు వేళ్లతో లాగి వదిలేవాడు. టప్‌మని తెల్లగీత పడేది. ఇంగ్లీషు పేరుకి రెండు గీతలు కొట్టేవాడు. తెలుగు పేరుకి నాలుగు. గుడీ తలకట్టూ తగిలే చోట ఒకటి, అక్షరం పొట్ట మొదలయ్యే చోట ఒకటి, పాదం దగ్గర ఒకటి, ఒత్తు ఆగే చోట ఒకటి. నీ తప్పు ఆ రెండు గీతల తేడాలో ఉంది నాయనా. ఇంగ్లీషు కామిక్స్‌లో దాదాపు అన్నీ పెద్దక్షరాలే, అన్నీ ఒకే ఎత్తు. వరస మీద వరస ఇటుకల్లా పేర్చుకుంటూ పోవచ్చు. మన అక్షరం పైకీ పోతుంది, కిందికీ దిగుతుంది. 'రాష్ట్రం' అని రాసి చూడు, ఒత్తు కింద ఇంకో ఒత్తు. దాని కింది వరసలో 'నీళ్లు' వచ్చిందనుకో, పై ఒత్తు వచ్చి ఈ గుడి మీద కూచుంటుంది.

నేను పాటించే కొలత ఇది. అక్షరం పొట్ట 3 మిల్లీమీటర్లయితే, ఈ వరస పాదం నుంచి కింది వరస పాదానికి 7 మిల్లీమీటర్లు. చివరి వరస కింద ఒత్తు కోసం ఇంకో 3 వదిలాకే బెలూన్ అంచు. ఇంకో చిక్కుంది. మన మాటలు పొడుగు. 'వచ్చేస్తానన్నాడు' అంటే అది ఒకే మాట, నడుమ విరిస్తే చదివేవాడి నాలుక తట్టుకుంటుంది. అందుకే బెలూన్ వెడల్పు ఎంతుండాలో ఆ గడిలోని అతి పొడుగు మాట చెప్పాలి. ముందు పెన్సిల్‌తో మాటలు రాయి. వాటి చుట్టూ బెలూన్ గీయి. మిగిలిన చోట్లో మనుషుల్ని నిలబెట్టు. తలకాయ తగిలితే తలకాయ కిందికి దించు, మాటను నొక్కొద్దు.

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నా. 1991లో నా మొదటి కథ ఒక పత్రికలో అచ్చయింది. నేను చేత్తో రాసిన అక్షరాలు నచ్చలేదో ఏమో, వాటి మీద టైపు చేసిన ముక్కలు అంటించారు. నా బెలూన్లలో ఆ ముక్కలు పట్టకపోతే అంచులు కత్తిరించారు. కథలో ఒక ముసలి రైతు మోడంకేసి చూసి 'ఒక్క చినుకు పడలేదు' అంటాడు. కింద క ఒత్తు కత్తెరకు పోయింది. 'ఒక చినుకు పడలేదు' అని అచ్చయింది. దేశంలోనే అతి తక్కువ వానలు పడే జిల్లాల్లో మాదొకటి. ఇక్కడి రైతు నోట ఆ మాట అట్లా వచ్చేసరికి, ఏదో ఒకే ఒక చినుకు కోసం చూస్తున్నట్టయింది. నాయన బస్టాండులో పత్రిక కొని తెచ్చి, ఆ బెలూన్ మీద వేలు పెట్టి చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి 'కింద చోటు వదల్లేదు నువ్వు' అన్నాడు. తప్పు కత్తిరించినోళ్లది కదా అని నేను ఏడ్చాను. వాళ్లదీ ఉంది. కానీ ఆ బెలూన్లన్నీ నేను ఇంగ్లీషు కొలతకే గీశాను.

బాపు (1933–2014) కార్టూన్లు తీసి అక్షరాలు మాత్రమే చూడు. బొమ్మ గీసిన చెయ్యే మాట కూడా రాసిందని తెలుస్తుంది. బొమ్మలో ఉన్న ఒంపే అక్షరంలోనూ ఉంటుంది. ఆయన చేతిరాత తర్వాత ఫాంటుగా కూడా వచ్చింది. ఫాంటు వాడటం తప్పు కాదు, నేనూ తొందరున్నప్పుడు వాడతా. వాడినా వరసల మధ్య దూరం చేత్తో సరిచేయాలి. కంప్యూటర్ ఇచ్చిన దూరాన్ని నమ్మొద్దు.

ఇంకొక్క మాట. చప్పుళ్లకు ఇంగ్లీషు మాటలు పెట్టొద్దు. మనకున్నన్ని చప్పుడు మాటలు ఎన్ని భాషల్లో ఉంటాయి! దోసె పిండి పెనం మీద పడితే చుయ్, పిడికెడు చింతగింజలు నేల మీద పడితే జలజల, తడి గుడ్డ బండ మీద పడితే దభీ. మా వీధి చేతిపంపు 'కిర్రు, కిర్రు' అని నాలుగుసార్లు అన్నాక 'గుళుక్' అంటుంది. ఆ గుళుక్ రాసేటప్పుడు ళ కొమ్మును ఒక చుక్క నీళ్లలా కిందికి జార్చి గీశాను. అక్షరం అక్కడ బొమ్మే అయిపోయింది.

ప్రశ్న: ఏ పెన్ను వాడాలి? ట్యాబ్ కొనాల్సిందేనా?
– నందికొట్కూరు

కొనక్కర్లేదు. ఇంకులో ముంచి గీసే డిప్ పెన్ను, ఇండియన్ ఇంకు, మందపాటి డ్రాయింగ్ షీటు చాలు. స్కాన్ చేయించేటప్పుడు నల్లగీతల పేజీకి 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) పెట్టమనండి. కంప్యూటర్ ఉంటే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ క్రిటా ఉచితంగా దొరుకుతుంది.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. పుస్తకాల నిండా బొమ్మల కథలే. వాళ్ల నాయనకు కోపం. పరీక్షలయ్యేదాకా అని ఆ పుస్తకాలు నేనే బీరువాలో దాచిపెట్టా. వాడు నాతో మాట్లాడటం మానేశాడు. ఈ బొమ్మలతో వాడు బతకగలడా?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

ముందు ఆ పుస్తకాలు తిరిగి ఇచ్చేయండమ్మా. ఈ రోజే. వాడు గీసినవి పోతే వాడు చదువుతాడని కాదు, చేతిలో పెన్సిల్ లేక గోళ్లు కొరుక్కుంటాడు. ఇచ్చేటప్పుడు ఒక్కటడగండి: వీటిలో నువ్వు చివరిదాకా గీసింది ఎన్ని? మొదలుపెట్టినవి పది ఉంటాయి, ముగించినవి ఒకటో రెండో. ఎండాకాలం సెలవుల్లో ఎనిమిది పేజీల కథ ఒకటి పూర్తి చేయమనండి. మీరు కూచుని చదవండి. వాళ్ల నాయన చేత కూడా చదివించండి.

బతుకు గురించి అడిగారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తాను. తెలుగులో బొమ్మల కథలు ఒక్కదాని మీదే మొదటి పదేళ్లు ఇల్లు నడవడం కష్టం. మీ కడప జిల్లాలో పుట్టిన బి. నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి 1947 జులైలో చందమామ మొదలుపెట్టారు. శంకర్ లాంటి చిత్రకారులు అక్కడ దశాబ్దాల పాటు నెలజీతం మీద బొమ్మలు గీశారు. పొద్దున వచ్చి బల్ల ముందు కూచోవడం, నెలాఖరుకి జీతం. అట్లాంటి కొలువు ఇవాళ అరుదు. నేను 26 ఏళ్లు బడిలో పాఠం చెప్పి, తెల్లవారుజామున 5 నుంచి 7 వరకు నా పేజీ గీసుకున్నా. ఆ రెండు గంటలు మా ఇంట్లో నన్ను ఎవరూ కాఫీ అడగలేదు. మా అత్త స్టవ్ వెలిగించుకునేది. ఆ పుణ్యం ఆమెదే.

చదువుకి దారి ఉంది. కడపలోనే 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం వచ్చింది. బీఎఫ్ఏ అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, నాలుగేళ్ల కోర్సు. అప్లైడ్ ఆర్ట్స్ చదివితే పుస్తకాల బొమ్మలు, ప్రకటనలు, యానిమేషన్, ఇట్లా పొట్టకూటికి పనికొచ్చే పనులు నేర్చుకుంటాడు, గీత కూడా గట్టిపడుతుంది. ఇంటర్ మాత్రం పాసవ్వాలని వాడికి చెప్పండి. నా మాటగా చెప్పండి.

ప్రశ్న: మాది జమ్మలమడుగు. బెంగుళూరులో ఉద్యోగం. మా జేజి మాటలతో ఒక కథ గీస్తున్నా. స్నేహితులు చూసి 'ఈ యాస గుంటూరోళ్లకి ఏం అర్థమవుతుంది, మామూలు తెలుగులో రాయి' అంటున్నారు. రాయాలా?
– బెంగుళూరు

మీ జేజి 'యాడికి పోతాండావు నాయినా' అనే మనిషయితే, బెలూన్లో 'ఎక్కడికి వెళ్తున్నావు' అని రాసిన క్షణం ఆమె వేరే మనిషి అయిపోతుంది. చీర అదే, ముడత అదే, గొంతు మాత్రం ఇంకెవరిదో.

అర్థం కాదన్న భయం నవల రాసేవాళ్లకు ఉండొచ్చు, మనకు అవసరం లేదు. మన దగ్గర బొమ్మ ఉంది. కర్నూలు వైపు బుడ్డలు అంటారు, మా అనంతపురంలో చెనిక్కాయలంటాం, వేరే చోట వేరుశనగ. 'ఈ బుడ్డలొలువు' అని అవ్వ అంటున్నప్పుడు గడిలో చేట, పొట్టు, వేళ్లు కనిపిస్తుంటే గుంటూరు వాళ్లకు ఇంకేం చెప్పాలి? గడి కింద అర్థాలు రాసే పని పెట్టుకోకండి.

ఒక జాగ్రత్త ఉంది. కథలో అందరి చేతా ఒకే యాస మాట్లాడించకండి. జేజిది ఒకటి, బెంగుళూరు మనవడిది ఒకటి, ఆఫీసులో గుమాస్తాది ఒకటి. మనవడు ఊళ్లో బస్సు దిగినప్పుడు 'వస్తున్నా' అని, మూడో రోజుకి 'వస్తాండా' అంటే, వాడు ఇంటికి చేరాడని మీరు వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: హైస్కూలు టీచర్ని. పిల్లలకు కామిక్స్ గీయడం నేర్పుతున్నా. గడికీ గడికీ నడుమ ఖాళీ ఎందుకు టీచర్ అని ఒక పాప అడిగింది. నాకు సరైన జవాబు తోచలేదు. మీరైతే ఏం చెప్తారు?
– హిందూపురం

ఆ పాపను రెండు గడులు గీయమనండి. మొదటి గడిలో అవ్వ గింజల చేట పైకెత్తింది. రెండో గడిలో కోళ్లు పరిగెత్తుతున్నాయి. అవి అవ్వ వైపు పరిగెత్తుతుంటే అవ్వ గింజలు చల్లింది. అవతలికి పరిగెత్తుతుంటే చేటతో అదిలించింది. అవ్వ చెయ్యి కదిలిన బొమ్మ కాగితం మీద ఎక్కడా లేదు. ఎక్కడ జరిగింది అని పాపను అడగండి. ఆ తెల్లపట్టీ మీద తనే వేలు పెడుతుంది.

మీ ఊరికి లేపాక్షి 15 కిలోమీటర్లు. పిల్లల్ని ఒక శనివారం తీసుకెళ్లండి. వీరభద్రస్వామి గుడి నాట్యమండపం కప్పు మీద 16వ శతాబ్దంలో గీసిన కథలు పొడుగాటి పట్టీలుగా ఉన్నాయి. ఎర్రటి నేల, నల్లటి గీత. కిరాతార్జునీయం పట్టీ కింద కూచోబెట్టి, అర్జునుడు ఎన్నిసార్లు ఉన్నాడో లెక్కపెట్టమనండి. ఒకే పట్టీలో తపస్సు చేసేదీ ఆయనే, పోట్లాడేదీ ఆయనే. నేను మొదటిసారి చూసింది ఏడో తరగతిలో. మెడ నొప్పి పుట్టేదాకా చూసి, ఒకే మనిషిని మళ్లీ మళ్లీ గీస్తే కాలం నడుస్తుందని అక్కడ కనుక్కున్నా. అప్పటికి కామిక్స్ అన్న మాటే నాకు తెలియదు.

వీలైతే ధర్మవరం దగ్గర నిమ్మలకుంట కూడా చూపించండి. తోలుబొమ్మలు చేసే ఊరు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును వెలుగు కనిపించేంత పలచగా చేసి, బొమ్మ గీసి, నగలున్న చోటంతా చిన్న చిన్న ఉలులతో చిల్లులు కొడతారు. పగలు చేతిలో పట్టుకుంటే అవి చిల్లులే. తెర వెనక దీపం పెడితే సీతమ్మ మెడలో హారం. నల్ల ఇంకుతో గీసే పిల్లలు ఇది కళ్లారా చూడాలి. నగ గీయడానికి ఇంకు వేయక్కర్లేదు, ఇంకు వేయకుండా వదిలినా చాలు. ఇంకో సంగతి. ఆటలో మాట లేని బొమ్మల్ని తీసి పక్కన పెట్టరు, తెర అంచున ఈతముల్లుతో గుచ్చి నిలబెడతారు. మీ పిల్లల గడుల్లో చూడండి, మాట్లాడేవాడు ఒక్కడే ఉంటాడు, మిగతావాళ్లు మాయమైపోతారు. వినేవాళ్లను కూడా ముల్లు గుచ్చి నిలబెట్టమనండి.

ప్రశ్న: అమ్మా, 63 ఏళ్లు. పోస్టుమ్యాన్‌గా రిటైరయ్యాను. నల్లమల అంచు ఊళ్లలో సైకిల్ మీద తిరిగిన రోజుల్ని బొమ్మల కథగా గీయాలని ఉంది. మిలిటరీలో ఉన్న కొడుకు రాసిన ఉత్తరాన్ని నా చేత రెండుసార్లు చదివించుకున్న ఒక ముసలామె కథతో మొదలుపెట్టాలని. కానీ చెయ్యి వణుకుతుంది. సూటిగా గీత రాదు. ఈ వయసులో సాధ్యమేనా?
– నంద్యాల

అన్నా, అమెరికాలో చార్లెస్ షుల్జ్ అనే ఆయన 1950 అక్టోబరు నుంచి 2000 ఫిబ్రవరి దాకా పిల్లలూ ఒక కుక్కా ఉండే బొమ్మల వరస ఒక్కటే గీశారు. మొత్తం 17,897. గీతా ఆయనదే, అక్షరాలూ ఆయనవే. 1981లో గుండె ఆపరేషన్ అయ్యాక చెయ్యి వణకడం మొదలైంది. ఇంకో 18 ఏళ్లు ఆ చేత్తోనే గీశారు. ఆ చివరి ఏళ్ల బొమ్మల్లో గీత అల్లాడుతుంది, ఎవరికైనా కనిపిస్తుంది. ఆ పిల్లల ముఖాల్ని మాత్రం ఎవరూ పోల్చుకోలేకపోలేదు.

పనికొచ్చేవి కొన్ని చెప్తాను. ఏ4 వద్దు, ఏ3 షీటు తీసుకోండి. అచ్చులో చిన్నదవుతుంది కాబట్టి వణుకు చాలావరకు అందులోనే సర్దుకుంటుంది. మణికట్టుతో కాకుండా మోచేతితో గీయండి. సన్న నిబ్బు కంటే బ్రష్ మీకు మేలు, మందం మారడం బ్రష్‌కి సహజం. స్కేలు పక్కన పెట్టేయండి. గడుల అంచులు కూడా చేత్తోనే గీయండి. అంచు సూటిగా ఉంటేనే లోపలి గీత వంకర ఎత్తి చూపినట్టవుతుంది. పొద్దున్నే, కాఫీకి ముందు అరగంట కూచోండి. నాకైతే కాఫీ తాగాక చెయ్యి ఎక్కువ ఆడుతుంది.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆమె రెండోసారి చదవమన్నదని రాశారు. ఆ రెండోసారి ఆమె ఎక్కడ కూచుంది? గడప మీదా, మంచం కోడు దగ్గరా? చేతిలో ఏమన్నా పని ఉందా, వదిలేసిందా? మీ సైకిల్ స్టాండు వేసి ఉందా, ఒక కాలు ఇంకా పెడల్ మీదే ఉందా? ఇవేవీ రాయలేదు మీరు. రాయొద్దు, గీసి పంపండి. పేజీ పూర్తి కాకపోయినా ఆ ఒక్క గడి చాలు.